కూలి పెరిగితే కొట్టు మూతపడుతుందా?

(వి.వి. గిరి స్మారకోపన్యాసం పాఠం)

వరాహగిరి వెంకటగిరిని దేశం రాష్ట్రపతిగా గుర్తుపెట్టుకుంది. జీతాల విషయంలో పట్టుదలకు పోయి మంత్రి పదవి వదులుకున్న మనిషిగా తలచుకునేవాళ్లు తక్కువ. 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచిన గిరి నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖ చేపట్టారు. బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేసరికి 1954లో రాజీనామా చేసి బయటికి వచ్చారు.

బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల మధ్య ఎదిగిన ఆ నాయకుడికి ఒక గట్టి నమ్మకం ఉండేది. జీతాల తగాదాను ట్రిబ్యునళ్లకు అప్పగించకూడదనీ, యజమానీ కార్మికుడూ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనీ ఆయన వాదించేవారు. కార్మిక వ్యవహారాల్లో దానికి ‘గిరి అప్రోచ్’ అన్న పేరే స్థిరపడింది. అయితే అలా కూర్చోవాలంటే కార్మికుడి వెనుక సంఘం ఉండాలి. రైల్వేలో ఉంది, బ్యాంకులో ఉంది. అయిదుగురు పనివాళ్లున్న టిఫిన్ సెంటర్లో, ఇద్దరు కుర్రాళ్లున్న కిరాణా కొట్టులో, నాలుగు మరమగ్గాల షెడ్డులో సాధారణంగా ఉండదు. అక్కడ పనివాడి తరఫున మాట్లాడేది చట్టం ఒక్కటే. ఆ చట్టం కూలి పెంచమన్న ప్రతిసారీ ముందుకొచ్చే ప్రశ్నే ఈ ఉపన్యాసానికి విషయం: పెంచితే చిన్న వ్యాపారం నిలుస్తుందా?

కనీస వేతనాల చట్టం 1948 మార్చిలో అమల్లోకి వచ్చింది. దాని తొలి షెడ్యూలులోని పనుల పేర్లు చదివితే బియ్యం మిల్లు, నూనె మిల్లు, బీడీల తయారీ, అభ్రకం పనులు, తోళ్ల శుద్ధి, కంకర కొట్టడం కనిపిస్తాయి. చాలావరకు చిన్న యజమానుల చేతుల్లోని పనులే ఇవి. అంటే ఈ చట్టం పెద్ద ఫ్యాక్టరీల కోసం పుట్టి, తర్వాత చిన్న కొట్ల మీద పడిందన్న మాట నిజం కాదు. సంఘం బలం లేనిచోట, కూలి అడుగంటిన చోట పనిచేయాలనే దాన్ని రాశారు.

కేరళ పెంకు ఫ్యాక్టరీల యజమానులు ఇదే అభ్యంతరంతో సుప్రీంకోర్టుకు వెళ్లారు. తాము భరించగలమా లేదా చూడకుండా ప్రభుత్వం కూలి నిర్ణయించిందన్నది వాళ్ల ఫిర్యాదు. 1961లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. కనీస వేతనం అంటే మనిషి బతకడానికీ, పని చేసే శక్తి నిలుపుకోవడానికీ కావలసినంత మాత్రమే. అంత కింది మెట్టు దగ్గర యజమాని స్తోమత ప్రసక్తి రాదని తేల్చింది. న్యాయం ఎటు ఉందో అరవై ఏళ్ల కిందటే తేలిపోయింది. తేలనిది కొట్టు లెక్క.

ఆ లెక్కను దగ్గరగా చూడాలి. రోజుకు 12,000 రూపాయల గల్లా ఉన్న టిఫిన్ సెంటర్‌ను ఉదాహరణకు అనుకుందాం. తెల్లవారుజామున నాలుగింటికి వచ్చి పెనం వెలిగించే దోసె మాస్టరు, చట్నీలు రుబ్బి పూరీలు ఒత్తే సహాయకుడు, ఇద్దరు సప్లయర్లు, వెనుక కుళాయి దగ్గర గిన్నెలు తోమే ఒకామె. అయిదుగురి కూలి కలిపి రోజుకు 3,000 రూపాయలు. కూలి పది శాతం పెరిగితే అదనంగా 300. గల్లాతో పోలిస్తే అది రెండున్నర శాతం. 40 రూపాయల ప్లేటు దోసె మీద సరిగ్గా ఒక రూపాయి.

పైగా ఆ 300 కూడా మొత్తం పడదు. మంచి మాస్టరు కనీస వేతనానికి ఎక్కువే తీసుకుంటాడు. తక్కువిస్తే వారం తిరక్కుండా పక్క వీధిలోని పెనం దగ్గర ఉంటాడు. చట్టం చెప్పే అంకె ముందుగా తగిలేది గిన్నెలు తోమే మనిషికి, ఆ తర్వాత సప్లయర్లకు. అసలు భారం రూపాయి లోపే.

మరి యజమాని ఎందుకు బెదురుతాడు? ఆ రూపాయి ఒంటరిగా పెంచలేడు కనుక. ఎదురుగా ఉన్న సెంటర్లో దోసె 40కే దొరుకుతుంటే 41 రాసిన బోర్డు అతన్ని దెబ్బతీస్తుంది. అదీకాక మన వీధుల్లో ప్లేటు ధర రూపాయి రూపాయిగా కదలదు, 40 నుంచి 45కు దూకుతుంది. ఆ దూకుడు అందరూ కలిసి చేసినప్పుడే సాగుతుంది. ఎదుటి కొట్టు కూడా అదే తేదీ నుంచి అదే కూలి ఇస్తే ధర బోర్డు మార్చడానికి ఇద్దరికీ ధైర్యం వస్తుంది. ఒకడు ఇచ్చి ఒకడు ఎగ్గొడితే, ఇచ్చినవాడే నష్టపోతాడు. చట్టం పాటించే చిన్న వ్యాపారికి అసలు పోటీ కూలి రేటుతో కాదు, దాన్ని పాటించని పొరుగువాడితో.

అమెరికాలో జరిగిన ఒక పరిశీలన ఇక్కడ పనికొస్తుంది. న్యూజెర్సీ రాష్ట్రం 1992 ఏప్రిల్ 1న కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05కు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు రెండువైపులా ఉన్న 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పెంపుకు ముందూ తర్వాతా సిబ్బంది లెక్కలు తీసుకున్నారు. పెంచిన రాష్ట్రంలో ఉద్యోగాలు తగ్గినట్టు కనబడలేదు. తిండి ధరలు మాత్రం కాస్త పెరిగాయి. 1994లో అచ్చయిన ఆ వ్యాసం మీద ఏళ్ల తరబడి వాదోపవాదాలు నడిచాయి; కార్డ్‌కు 2021లో నోబెల్ వచ్చింది. అయితే అవి ఎక్కువగా పెద్ద గొలుసు సంస్థల దుకాణాలు. సొంత పేరు బోర్డు మీద రాసుకున్న చిన్న యజమాని పరిస్థితి వేరు. ఆ తేడాను ఒప్పుకోకుండా న్యూజెర్సీని చూపించి వాదన ముగించేయడం సరికాదు.

చిన్న యజమాని సంగతి తెలియాలంటే దక్షిణ కొరియాను తీరిగ్గా చూడాలి. 2017లో మూన్ జే-ఇన్ అధ్యక్షుడయ్యేనాటికి అక్కడ గంట కూలి 6,470 వోన్లు. 2020 నాటికి 10,000 చేస్తామన్నది ఆయన వాగ్దానం. 2018 జనవరిలో ఒక్కసారిగా 16.4 శాతం పెంచి 7,530 చేశారు. మరుసటి ఏడు 10.9 శాతం పెంచి 8,350 చేశారు. రెండేళ్లలో 29 శాతం. ఈ దెబ్బ అందరికంటే ముందు తగిలింది వీధివీధినా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండే కన్వీనియన్స్ స్టోర్లకు. కొట్టు నడిపేది ఒక కుటుంబం, బోర్డు మీది పేరు గొలుసు సంస్థది. వచ్చిన లాభంలో సంస్థ వాటా సంస్థకు, అద్దె ఇంటి యజమానికి, కార్డు గీసినప్పుడల్లా రుసుము కార్డు కంపెనీకి. ఇవన్నీ పోయాక మిగిలినదాంట్లోంచే రాత్రి కౌంటర్లో నిలబడే కుర్రాడి కూలి. ఆ కుటుంబం బేరమాడగలిగింది ఆ కుర్రాడితోనే. పైవాళ్ల ముందు వాళ్ల మాట చెల్లదు.

కూలి పెరిగేసరికి కుర్రాడిని మాన్పించి భార్యాభర్తలు వంతులేసుకుని రాత్రుళ్లు నిలబడ్డారు. వారానికి 15 గంటలు పనిచేసినవారికి వారపు సెలవు రోజు జీతం కూడా ఇవ్వాలన్న నిబంధన ఉండటంతో, కొందరు ఒక మనిషి పనిని ఇద్దరు ముగ్గురికి పంచి ఎవరికీ 15 గంటలు నిండకుండా చూశారు. 2019లో మనుషుల్ని పెట్టుకుని వ్యాపారం చేసేవాళ్ల సంఖ్య తగ్గి, ఒక్కరే చూసుకునే వ్యాపారాలు పెరిగాయి. 2018 జూలైలోనే మూన్, 10,000 వోన్ల గడువు అందుకోలేకపోతున్నందుకు ప్రజలకు క్షమాపణ చెప్పారు. ఆ అంకెను కొరియా దాటింది 2025లో, 10,030 వోన్లతో.

దీన్ని కనీస వేతనం ఓటమిగా ప్రచారం చేసినవాళ్లు ఉన్నారు. ఆ తీర్పు తొందరపాటు. కొరియా ప్రభుత్వం అదే సమయంలో చేసిన మరికొన్ని పనుల్ని కూడా చూడాలి. 30 మంది లోపు పనివాళ్లున్న సంస్థలకు ఒక్కో పనివాడికి నెలకు 1,30,000 వోన్ల దాకా సాయం ఇచ్చింది. దుకాణాల అద్దె ఏడాదికి 9 శాతం దాకా పెంచుకోవచ్చన్న హద్దును 5 శాతానికి దించింది. అద్దెకున్నవాడు ఒప్పందాన్ని పొడిగించమని అడిగే హక్కును 5 ఏళ్ల నుంచి 10 ఏళ్లకు పెంచింది. చిన్న దుకాణాల మీద కార్డు రుసుము తగ్గించింది. కొట్టువాడి నడుము విరిచేది కూలి ఒక్కటే కాదని, అద్దె, కమీషన్, రుసుము కూడా ఉన్నాయని ఆ ప్రభుత్వం గుర్తించింది. పొరపాటు ఎక్కడంటే, కూలి పరుగెత్తింది, అద్దె, రుసుముల ఉపశమనంలో పెద్ద భాగం గొడవ ముదిరాక గానీ రాలేదు. వరుస తిరగేసి ఉంటే ఆ రెండేళ్లు వేరేగా గడిచేవి.

కొందరు మూసుకోవలసి వస్తుందన్నది కూడా దాచకూడని నిజం. జర్మనీ 2015 జనవరిలో మొదటిసారి దేశమంతటికీ గంటకు 8.50 యూరోల కనీస వేతనం తెచ్చింది. తర్వాత అధ్యయనం చేసినవారికి నిరుద్యోగం పెరిగినట్టు కనబడలేదు. తక్కువ జీతాలవాళ్లు ఇంకా బాగా జీతాలిచ్చే, పెద్ద సంస్థల్లోకి మారారు. అదే సమయంలో మరీ చిన్న సంస్థల సంఖ్య కొంత తగ్గింది. పనివాడికి మేలు జరిగింది, దేశానికి నష్టం లేదు. కానీ ఆ మూసుకున్న కొట్టు ఒక కుటుంబానికి ఇరవై ఏళ్ల కష్టం అయి ఉండవచ్చు. మొత్తం లెక్క బాగుంది కదా అని ఆ కుటుంబాన్ని పక్కన పెట్టేయడం కార్మికుల పక్షాన నిలబడేవాళ్లకు తగని పని.

కొరియా కొట్టువాడి ఇరకాటం తెలుగునేలకు కొత్త కాదు. సిరిసిల్ల మరమగ్గాల షెడ్లలో అదే అమరిక కనిపిస్తుంది. యజమాని నూలు ఇస్తాడు. ఆ నూలును తన షెడ్డులోని సాంచాల (మరమగ్గాల) మీద బట్టగా నేయించి ఇచ్చేవాడు ఆసామి. యజమాని దగ్గర ఆసామి తీసుకునేదీ కూలే, కార్మికుడికి ఆసామి ఇచ్చేదీ కూలే. రెండూ నేసిన బట్ట లెక్కన కట్టేవే. మధ్యలో షెడ్డు ఖర్చు, కరెంటు బిల్లు, విరిగిన విడిభాగం ఆసామివి. తనకొచ్చే రేటు కదలకుండా తాను ఇచ్చే రేటు పెంచమంటే ఆసామికి దారి ఉండదు. ఒకప్పుడు సాంచా నడిపి, తర్వాత అప్పుచేసి నాలుగు సాంచాలు కొనుక్కున్న మనిషిని దోపిడీదారుగా చూపించడం అన్యాయం. అక్కడి సమ్మెల్లో కార్మికుల కూలితో పాటు ఆసాముల కూలి రేటు కూడా డిమాండుగా వినిపించడానికి కారణం ఇదే. 2017 నుంచి కొన్నేళ్లపాటు బతుకమ్మ చీరల ఆర్డర్లతో ప్రభుత్వమే అక్కడ పెద్ద కొనుగోలుదారుగా నిలిచింది. ఆ చీరకు సర్కారు కట్టిన ధరలో, బిల్లు చెల్లించిన తేదీలో ఆ షెడ్డులోని కూలి చాలావరకు తేలిపోయేది.

కూలి పెంచితే పని ఎల్లలు దాటిపోతుందన్న భయానికి బీడీ పరిశ్రమ పాత ఉదాహరణ. 1966లో వచ్చిన బీడీ కార్మికుల చట్టాన్ని కేరళ ప్రభుత్వం గట్టిగా అమలు చేయబోయినప్పుడు, 1968లో కన్నూరు ప్రాంతంలో పని చేయిస్తున్న ఒక పెద్ద కంపెనీ అక్కడ తలుపులు మూసి పనిని ఇప్పటి కర్ణాటకకు తరలించింది. సుమారు 12,000 మంది పని పోయింది. ప్రభుత్వం చట్టాన్ని వెనక్కి తీసుకోలేదు. 1969లో ఆ కార్మికులతోనే దినేశ్ బీడీ సహకార సంఘం మొదలైంది. చట్టం చెప్పిన కూలి ఇస్తూ, బోనసు, సెలవులు ఇస్తూ అది దశాబ్దాలు నిలిచింది. బీడీ గిరాకీ పడిపోయాక ఆహార పదార్థాలు, గొడుగుల తయారీలోకి మారింది. నిజామాబాద్, జగిత్యాల జిల్లాల్లో ఇంటి అరుగుల మీద కూర్చుని ఆకు కత్తిరించి వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఆడవాళ్లకు అలాంటి పెద్ద సహకార సంఘం దొరకలేదు.

ఇప్పటిదాకా చెప్పినదంతా కూలిని ఖర్చుగా చూసిన లెక్క. దానికి రెండో పక్క ఉంది. అది మన దగ్గరే, చాలా జాగ్రత్తగా చేసిన ఒక అధ్యయనంలో కనబడింది.

ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. కొన్నేళ్లకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూలి డబ్బు సక్రమంగా చేరేందుకు వేలిముద్రల స్మార్ట్‌కార్డులు తెచ్చింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్తాంకర్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఎనిమిది జిల్లాల్లోని 157 మండలాల్లో ఏవి ముందు, ఏవి వెనుక అన్నది చీటీ వేసినట్టు నిర్ణయింపజేసి, తేడాను కొలిచారు. పథకం సరిగా నడిచిన మండలాల్లో పేద కుటుంబాల సంపాదన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం పథకం డబ్బు కాదు, బయటి పనుల్లో వచ్చినది. ఉపాధి పని నిజంగా దొరుకుతుందనీ, డబ్బు నిజంగా అందుతుందనీ తెలిశాక కూలీలు బయట ఎక్కువ అడగగలిగారు. బయటి కూలి పెరిగింది, పని దొరకడమూ పెరిగింది. భూమి మీద రాబడి మాత్రం తగ్గింది. రైతుల గోడు ఉత్తిదే అనడానికి లేదు.

ఈ ఉపన్యాసానికి అన్నిటికంటే ముఖ్యమైన ఫలితం ఆ తర్వాతది. కూలి పెరిగిన ఆ మండలాల్లోనే వ్యవసాయేతర వ్యాపారాల సంఖ్య, వాటిలో పనిచేసేవాళ్ల సంఖ్య వేగంగా పెరిగాయి. ఊళ్లో చేతులు మారే డబ్బు పెరిగితే అది ఊరి దుకాణానికే చేరుతుందన్నది పరిశోధకులు చూపిన కారణాల్లో ఒకటి. గిన్నెలు తోమే ఆమె కూలిలో పెరిగిన 40 రూపాయలు షేర్ మార్కెట్‌కు పోవు. కిరాణా కొట్టుకు, కూరగాయల బండికి, పిల్లాడి యూనిఫాం కుట్టే దర్జీకి పోతాయి. టిఫిన్ సెంటర్ యజమాని ఒక్కడే కూలి పెంచితే అది ఖర్చు. ఊరందరికీ పెరిగితే అందులో కొంత అతని గల్లాలోకే తిరిగొస్తుంది.

అందువల్ల చిన్న వ్యాపారిని కాపాడాలంటే పెంపును వాయిదా వేయడం సరైన దారి కాదు. మన దగ్గర జరుగుతున్నది సరిగ్గా అదే. చట్టం ప్రకారం అయిదేళ్లకు మించకుండా మూల వేతనాన్ని సవరించాలి. తెలంగాణలో 2021లో కొన్ని రంగాలకు సవరణ జీవోలు జారీ అయినా అవి గెజిట్‌కు ఎక్కక అమలుకు రాలేదు. వ్యవహారం హైకోర్టుదాకా వెళ్లింది. దేశమంతటికీ కేంద్రం చెప్పిన కింది మెట్టు 2017లో రోజుకు 176 రూపాయలకు చేరాక ఏళ్ల తరబడి దాదాపు అక్కడే నిలిచిపోయింది. 2019లో నిపుణుల కమిటీ 375 సిఫారసు చేసినా కదల్లేదు. ఇలా ఏళ్ల తరబడి బిగబట్టి ఒకనాడు 60 శాతం పెంచితే, పైన చెప్పిన టిఫిన్ సెంటర్‌కు రోజుకు 1,800 రూపాయలు, దోసె మీద 6 రూపాయలు. ఏ బోర్డూ ఒక్క రోజులో అంత మార్పును తట్టుకోదు. ఆలస్యం చేసినందువల్ల వచ్చిన బరువును చూపించి, అసలు పెంచకూడదని వాదించడం మొదలవుతుంది.

ఏటా ఏప్రిల్ 1న, అక్టోబరు 1న ధరల సూచీని బట్టి కరువు భత్యం కలిపే పద్ధతి రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉంది. ఆ పద్ధతి చిన్న వ్యాపారికి మేలు చేసేది. పెంపు కొద్దికొద్దిగా వస్తుంది, తేదీ ముందే తెలుస్తుంది, ఎదుటి కొట్టుకు కూడా అదే తేదీ. లోపం ఎక్కడుందంటే, సూచీ ఒక్క పాయింటు పెరిగితే ఇన్ని రూపాయలని ఎప్పుడో కట్టిన రేటుతోనే ఆ భత్యం లెక్క నడుస్తోంది. మూల వేతనాన్ని, ఆ పాయింటు రేటును గడువు ప్రకారం సవరిస్తే అరవై శాతం దూకుళ్ల అవసరమే రాదు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కనీస వేతనాన్ని షెడ్యూలులో లేని పనులకు కూడా వర్తింపజేసింది. ఎదుటి కొట్టుకూ తన కొట్టుకూ ఒకే నియమం ఉండాలన్న చిన్న వ్యాపారి కోరికకు అది కనీసం కాగితం మీద దగ్గరైంది. తనిఖీ ఫిర్యాదు వచ్చిన కొట్టుకే పరిమితం కాకుండా వీధి మొత్తానికి జరిగితే తప్ప ఆ నియమం కాగితం దాటదు.

ఇక కొనుగోలుదారుడిగా ప్రభుత్వం చేయాల్సింది ఉంది. ఆసుపత్రి పారిశుద్ధ్యం, హాస్టళ్ల సరఫరా, యూనిఫాంల కుట్టు, చీరల నేత పనులను టెండర్లతో చిన్న కాంట్రాక్టరుకు ఇచ్చేటప్పుడు రేటు ఒకసారి రాసి రెండు మూడేళ్లు అలాగే ఉంచితే, ఏప్రిల్‌లో పెరిగే కూలి అతని జేబులోంచి పోవాలి, లేదా పనివాడికి ఎగ్గొట్టాలి. కరువు భత్యం పెరిగిన మేరకు టెండరు రేటు కూడా దానంతట అదే పెరగాలని ఒప్పందంలోనే రాయాలి. చిన్న సంస్థల బిల్లు 45 రోజుల్లో కట్టాలని 2006 చట్టం ఇప్పటికే చెబుతోంది. ముందు ఆ గడువును సర్కారు శాఖలే పాటించాలి. దుకాణాల అద్దె పెంపుకు హద్దు, డెలివరీ యాప్‌లు తీసుకునే కమీషన్‌కు హద్దు కూడా కూలి సవరణ జరిగే బల్ల మీదికే రావాలి. కనీస వేతనాల సలహా మండలిలో యజమానుల తరఫున కూర్చునేవారిలో ఒక టిఫిన్ సెంటర్ నడిపే మనిషికీ, ఒక సిరిసిల్ల ఆసామికీ కుర్చీ ఉండాలి.